తవిటయ్యకు ముందు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఆసుపత్రిలో లిఫ్టు దగ్గర కూచునే మనిషి నుంచి పెద్ద డాక్టరు భీమశంకరరావుగారి దాకా అందరికీ తెలుసు. అయినా పసిపిల్లల తల్లిదండ్రులకు చెడ్డ కబురు చెప్పే పని పదకొండేళ్ళుగా నాకే అప్పగించారు. "దీనా, నీకు కళ్ళమ్మట నీళ్ళు రావు, అందుకే నీకిచ్చాను" అంటారాయన. కళ్ళమ్మట నీళ్ళు రాకపోవడం ఒక అర్హత అని నర్సింగ్ కాలేజీలో నాకెవరూ చెప్పలేదు.

మా ఆసుపత్రి మద్దిలపాలెం డిపోకి దగ్గర్లోనే ఉంది. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ మీద సూదితో చిన్నగా గుచ్చి, నాలుగు చుక్కల రక్తం ఒక కార్డు మీద అద్ది హైదరాబాదు ల్యాబుకి పంపిస్తాం. దాదాపు అందరికీ ఏమీ ఉండదు. ఏమీ లేదని ఒక మెసేజి పోతుంది, వాళ్ళు దాన్ని చూసుకోనైనా చూసుకోరు. ఏదైనా ఉన్నవాళ్ళకి మాత్రం నేను ఫోన్ చేస్తాను.

ఆ మంగళవారం పొద్దున్న వచ్చిన రిపోర్టు మీద 'సత్యశ్రీగారి మగబిడ్డ' అని ఉంది. వయసు పదమూడు రోజులు. రోగాలతో పోరాడే తెల్లకణాల్లో ముఖ్యమైన రకం ఒకటి ఆ బిడ్డ రక్తంలో లేనట్టే ఉందని దాని సారాంశం. ఇలాంటి పిల్లలు పుట్టినప్పుడు అందరి పిల్లల్లాగే బొద్దుగా ఉంటారు. కడుపులో ఉండగా తల్లి నుంచి తెచ్చుకున్న బలం కొన్ని నెలలు కాపు కాస్తుంది. అది అయిపోయాక మామూలు జలుబు కూడా ప్రాణం తీస్తుంది. మొదటి పుట్టినరోజు పండగ దాకా బతికేవాళ్ళు అరుదు. వేరొకరి మూలకణాలు ఎక్కిస్తే బతుకుతారు, అయితే ఏ జబ్బూ అంటకముందే ఆ పని జరగాలి. నా పదకొండేళ్ళలో ఇలాంటి రిపోర్టు రావడం ఇది రెండోసారి. మొదటి బిడ్డ సంగతి నేను చెప్పలేను.

బిడ్డ తండ్రికి ఫోన్ చేశాను. పేరు సుమంత్. ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు మీద క్రేన్ నడుపుతాడు, కూర్మన్నపాలెంలో అద్దెకుంటున్నారు.

"డ్యూటీలో ఉన్నాను మేడమ్. ఏటి విషయం?"

"బాబు రక్తపరీక్ష ఒకటి మళ్ళీ చెయ్యాలి. ఇవాళే తీసుకురండి. ఇద్దరూ రండి."

"మళ్ళీ ఎందుకు మేడమ్? ఆడు బాగానే ఉన్నాడు. మొన్ననే పురుడు కూడా సేసేం. రేపొస్తే అవదా?"

"ఇవాళే రావాలి."

అతని వెనక ఏదో ఇనుము ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. "భయపడాల్సిందేటైనా ఉందా మేడమ్?" అన్నాడు.

ఫోన్లో అబద్ధం చెప్పకూడదు. నిజమూ చెప్పకూడదు. "వచ్చాక మాట్లాడదాం. బస్సెక్కకండి, ఆటో మాట్లాడుకోండి. దార్లో బాబుని ఎవరి చేతికీ ఇవ్వకండి" అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అతను ఇంకేమీ అడగకుండా ఫోన్ పెట్టేశాడు.

పన్నెండింటికి వచ్చారు. సుమంత్ డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. సత్యశ్రీకి ఇరవై ఆరేళ్ళుంటాయి, తలకి గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని పచ్చి బాలింతరాలిలా మెల్లగా నడిచింది. బిడ్డ మాత్రం ఆమె తల్లి చేతుల్లో ఉన్నాడు. ఆవిడ పేరు రామలక్ష్మమ్మ. అరవై దగ్గరపడిన బక్కపల్చటి మనిషి. కూతురి పురిటికి చీపురుపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉంది. బిడ్డని పమిట కింద పెట్టుకుని, మాలో ఎవరం చెయ్యి చాచినా ఇవ్వలేదు. వాడు బుగ్గ మీద దిష్టిచుక్కతో, పిడికిళ్ళు బిగించి హాయిగా నిద్రపోతున్నాడు.

భీమశంకరరావుగారు నెమ్మదిగానే చెప్పారు. అయినా అలాంటి మాటలు నెమ్మదిగా చెప్పినా ఒకటే, గట్టిగా చెప్పినా ఒకటే. పుట్టిన రోజు వేసిన బీసీజీ టీకాలో బతికున్న క్రిమి ఉంటుంది, అందరు పిల్లలకీ అది మేలు చేస్తుంది గానీ వీడికి ప్రమాదం, అది ముదరకుండా ఇవాళే మందులు మొదలుపెట్టాలి అన్నారు. బిడ్డని ఒంటరి గదిలో ఉంచాలి, దగ్గూ జలుబూ ఉన్నవాళ్ళు ఆ గడప తొక్కకూడదు అన్నారు. తల్లి పాల ద్వారా ఒక వైరస్ వచ్చే అవకాశం ఉంది కాబట్టి, పరీక్ష ఫలితం వచ్చేదాకా పాలు పట్టొద్దన్నారు.

"పాలు కూడానా?" అంది సత్యశ్రీ. "పిండి పారబొయ్యాలా సార్?"

"కొన్నాళ్ళేనమ్మా."

"ఆడు బాగున్నాడు కద సార్" అన్నాడు సుమంత్. "మీరే సూడండి. నిన్న మూడు కేజీల నూటయాభై ఉన్నాడు." డాక్టరుగారు మళ్ళీ చెప్పారు. అతను మళ్ళీ అదే మాటన్నాడు, బరువుతో సహా. మూడోసారీ అన్నాడు. గోడకి ఆనుకుని నిలబడి తన బూట్లకంటిన బూడిదరంగు దుమ్ముని చూసుకున్నాడు. తర్వాత వాటిని విప్పి గది బయట పెట్టి వచ్చాడు.

డాక్టరుగారు వెళ్ళాక నా పని మొదలవుతుంది. ఒక తెల్లకాగితం తీసుకుని మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి సున్నాలు గీస్తూ మూడు తరాల కుటుంబాన్ని రాసుకుంటాను. పోయినవాళ్ళ మీద అడ్డగీత గీస్తాను. ఈ జబ్బు ఎక్కువగా తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుంది. ఆడవాళ్ళు దాన్ని రక్తంలో మోస్తారు, వాళ్ళకేమీ కాదు. కొడుకుల్లో ఒక్కొక్కరికీ వస్తే రావచ్చు, లేకపోతే లేదు, సగం సగం. తల్లి వైపు మగపిల్లలు పోయి ఉన్నారని తెలిస్తే ఎక్కడ వెతకాలో మాకు తెలుస్తుంది, చెన్నైలో మూలకణాల మార్పిడికి ఏర్పాట్లు ముందే మొదలుపెట్టొచ్చు. తెలియకపోతే గుడ్డిగా వెతకాలి. ఆ వెతుకులాటలో ఎన్ని రోజులు పోతే బిడ్డకి అన్ని రోజులు తగ్గినట్టే.

ఈ వివరాలు ఒక్కొక్కరినీ విడిగా కూచోబెట్టి అడగాలన్నది నియమం. నేను మిగతావాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు మొదట చెప్పేది అదే. ఆరోజు ఆకలి మీదున్నాను, డాక్టరుగారు రెండింటికల్లా కాగితం కావాలన్నారు. అందర్నీ కలిపే అడిగేశాను.

సుమంత్ వైపు ఏమీ లేదు. రామలక్ష్మమ్మ వైపు తిరిగాను. "మీ ఇంట్లో చిన్నపిల్లలెవరైనా పోయారా పెద్దమ్మా? జ్వరంతోనో, విరోచనాలతోనో?"

"మా ఇంట్లో అలాటివేటీ లేవమ్మా" అంది వెంటనే.

"మీ పిల్లలు?"

"ఇద్దరే. ఒక కొడుకు, ఇది."

ఆ మాట ఆవిడ ఎంత గట్టిగా అందంటే నేను రాసేసుకున్నాను కూడా. అప్పుడే సత్యశ్రీ సంచిలో ఫోన్ మోగింది. ఆమె తీసి చూసి, "తవిటన్నే అమ్మా, ఏటి సెప్పమంటావు?" అని తల్లికిచ్చింది. రామలక్ష్మమ్మ ఫోన్ నొక్కేసి ఒళ్ళో పడేసుకుంది.

"మీ అన్నయ్య పేరేంటమ్మా?" అన్నాను.

"తవిటయ్య మేడమ్. బయట కుమార్ అని సెప్పుకుంటాడు. ఏదో మొక్కుబడి పేరంట. ఆడికి ఆ పేరంటే సిగ్గు."

మా వైపు ఆ పేరు ఊరికే పెట్టరు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినవాడిని చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. ఇంకో ఇంటామె వచ్చి, ఎవరో పారేసిన బిడ్డ నాకు దొరికాడని ఎత్తుకుంటుంది. కన్నతల్లి ఆమెకి ఇంత తవుడు పోసి వాడిని కొనుక్కుంటుంది. వాడింక ఆ కడుపున పుట్టినవాడు కాదు, తవుడికి వచ్చినవాడు. చావు వాడిని వెతుక్కుంటూ ఆ గడపకి రాదని నమ్మకం. తవుడు పోసి కొంటే తవిటయ్య, ఉత్త పెంట మీద నుంచి తెచ్చుకుంటే పెంటయ్య. కంచరపాలెంలో మా తాత పెంటయ్యే. బాప్తిస్మం తీసుకున్నాక పీటరయ్యాడు గానీ రేషన్ కార్డులో పోయేదాకా పెంటయ్యగానే ఉన్నాడు. ఆయన ముందు ఇద్దరు పోయారని మా నాయనమ్మ చెప్పేది.

నాకు కోపం వచ్చింది. బిడ్డ ప్రాణం మీదికొస్తే ఈవిడ నా మొహం చూసి అబద్ధం చెప్పిందన్న కోపం. గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది. "తవిటయ్యకి ముందు ఎంతమంది పోయారు పెద్దమ్మా?"

సత్యశ్రీ చిన్నగా నవ్వింది. "అదేటి మేడమ్, అన్నయ్యే కదా పెద్దోడు."

రామలక్ష్మమ్మ బిడ్డ వీపు మీద తడుతూ ఉంది. ఆ చెయ్యి ఆగలేదు. ఎవరి వైపూ చూడకుండా "ముగ్గురు" అంది.

సుమంత్ నా మొహం చూశాడు, తనేమైనా తప్పుగా విన్నాడేమో అన్నట్టు.

"ముగ్గురూ మగపిల్లలే" అంది ఆవిడ. "పెద్దోడు ఏడో నెల్లో, రెండోడు ఐదో నెల్లో పోయేరు. మూడోడు బోర్లా పడ్డం నేర్సుకున్నాక. నోట్లో తెల్లగా పూత వచ్చీది. దగ్గు, ఇరోసనాలు. ఎంత తాగినా ఒంటికి పట్టీది కాదు."

"నాకు అన్నలున్నారా?" అంది సత్యశ్రీ.

"ఉన్నారు." రామలక్ష్మమ్మ ఆగింది. "ఉండీవోళ్ళు."

"ఈడిలాగే ఉండీవోళ్ళా?"

"ఈడిలాగే. బొద్దుగా ఉండీవోళ్ళు."

సత్యశ్రీ లేచి నిలబడింది. ఎక్కడికి వెళ్దామనుకుందో ఆమెకే తెలీదు, మళ్ళీ కూచుంది. ఆమె రవిక ముందంతా పాలతో తడిసిపోయింది, ఆమె చూసుకోలేదు. నేను ఒక తువ్వాలు ఇచ్చాను. ఇరవై ఆరేళ్ళ మనిషికి తన తోడబుట్టినవాళ్ళు ముగ్గురున్నారనీ, పోయారనీ ఒక్క ఊపిరిలో తెలిసింది, అదీ నా నోటి దూకుడు వల్ల. నియమం ఎందుకు పెట్టారో నాకు అప్పుడు బాగా అర్థమైంది.

"తెలిసీ సెప్పలేదా అత్తా?" అన్నాడు సుమంత్. "పెళ్ళప్పుడు సరే. మేడమ్ ఇందాక అడిగినప్పుడైనా సెప్పొచ్చు కదా?"

"మగపిల్లలు నిలవని ఇల్లని పేరొస్తే దీన్ని ఎవుడు సేసుకుంటాడు నాయనా? తవిటయ్య పుట్టినేక ఊరే మారిపోయేం. తెలిసినోళ్ళెవరూ లేకండా." ఆవిడ మొదటిసారి తలెత్తి అల్లుడి వైపు చూసింది. మొహం ప్రశాంతంగా ఉంది, అదే నాకు భయం వేసింది. "నువ్వు బెంగెట్టుకోకు. ఈడికేటీ అవదు. సెయ్యాల్సిన పని నాను సేసేసేను."

"ఏ పని?" అన్నాను నేను.

చెప్పింది. పురుడు రోజు తెల్లారగట్ల, సత్యశ్రీ నీళ్ళు పోసుకుని పడుకున్నాక బిడ్డని తీసుకుని వెనక సందులోకి వెళ్ళింది. అక్కడ పాలు పోసే ఆమె గేదెల పాక ఉంది, పక్కనే పేడకుప్ప ఉంది. చేటలో పాత చీర పరిచి, బిడ్డని దాని మీద పెట్టి, చేటని కుప్ప మీద ఉంచింది. పాలావిడ వచ్చి ఎత్తుకుంది. రెండు కుంచాల తవుడు పోసి కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంది. "ఆ సీర కూడా ఉతికిందే అమ్మా. ఈగ కూడా వాలనివ్వలేదు" అంది నాతో.

పేడకుప్పలో ఉండే బూజు, క్రిములు మామూలు పిల్లాడిని ఏమీ చెయ్యవు. ఆ కుప్ప మీద ఆడుకుని పెరిగినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. వాటిని ఆపడానికి ఒంట్లో ఒక్క సిపాయి కూడా లేని బిడ్డని తీసుకెళ్ళి సరిగ్గా దాని మీదే పడుకోబెట్టారు. రెండు రోజులైపోయింది కూడా.

నేను ఆవిడని తిట్టాను. ఏమన్నానో రాయను. పేషెంటు మనిషిని అలా అనడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి, రెండు గదుల అవతలికి వినిపించిందట. సుమంత్ నన్ను ఆపలేదు. వెళ్ళి ఆవిడ చేతుల్లోంచి బిడ్డని తీసుకున్నాడు. ఆవిడ మొదట తల కింద చెయ్యి వదిలింది, తర్వాత నడుం కింద చెయ్యి వదిలింది. పమిట మాత్రం వాడి పిడికిట్లో ఉండిపోయింది. సత్యశ్రీ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

బాబుని ఒంటరి గదిలో చేర్చాం. రెండు రోజులు బాగానే ఉన్నాడు. మూడో రోజు పొద్దున్న నూటరెండు జ్వరం వచ్చింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనిపించింది. భీమశంకరరావుగారు ఆ ఫిల్ము పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

రామలక్ష్మమ్మని లోపలికి రానివ్వలేదు. "నీ కొడుకు దగ్గరికి పో అత్తా" అని సుమంత్ ఒక్కసారే అన్నాడు, తర్వాత మాటలు మానేశాడు. ఆవిడ పోలేదు. రోజూ పొద్దున్నే బాలింత పత్యం వండి క్యారేజీలో తెచ్చి, రెండో అంతస్తు మెట్ల మీద కూచునేది. సత్యశ్రీ ఆ క్యారేజీ మూత తియ్యకుండా తిప్పి పంపేసేది. మధ్యాహ్నం ఆవిడ దాన్ని పట్టుకుని కూర్మన్నపాలెం బస్సెక్కేది.

ఐదో రోజు డాక్టరుగారు నన్ను పిలిచి, "ఆ చార్టు సగంలో వదిలేశావు. పూర్తి చెయ్యి" అన్నారు. చార్టు కోసమే పంపారా, ఇంకెందుకైనా పంపారా అని ఇప్పటికీ నాకు అనుమానం. వెళ్ళి ఆవిడ పక్కన మెట్టు మీద కూచున్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు. "తిన్నారా?" అని అడిగాను.

"నువ్వు తిట్టినదానికి నాకేటీ లేదమ్మా" అంది. "నాను అంతకన్నా తిట్టుకున్నాను. మొదటోడు పుట్టినప్పుడు మా అత్త సెప్పింది. మా ఆడపడుచుకి పిల్లలు నిలవనేదు, నువ్వు ముందే తవుడు పొయ్యే అని. నాను నవ్వేసేను. ఎనిమిదో తరగతి సదివేను నాను, ఇలాటియి నమ్మీదాన్ని కాదు. ఆడు పోయేడు. రెండోడికీ సెయ్యలేదు. ఏడుస్తా ఏడుస్తా కూడా, డాక్టరు దగ్గరికి తీసుకెల్తే సాలనుకున్నాను. మూడోడికి సేద్దామంటే మా ఆయన ఒప్పనేదు. నాలుగోడికి సేసేను. బతికేడు. మరి నన్నేటనుకోమంటావు?"

ఆవిడ వెనకబడిన మనిషి కాబట్టి అలా చేసిందనుకున్నాను నేను. అది కాదని మెట్ల మీద కూచుని తెలుసుకుంటుంటే నాకు సిగ్గేసింది.

"పెద్దమ్మా, తవిటయ్యకి ఆ జబ్బే రాలేదు" అన్నాను. "మీరు తవుడు పొయ్యకపోయినా వాడు బతికేవాడు. మొదటి ముగ్గురికీ పోసుంటే కూడా పోయేవాళ్ళే. అప్పుడు ఈ జబ్బు పేరు చెప్పగలిగే డాక్టరు మన వైపు ఎవరున్నారు?"

"పోసినా పోదురా?"

"పోదురు."

"నాను నవ్వినందుకు కాదా?"

"కాదు."

ఆవిడ మొహంలో నేను ఎదురుచూసిన తేలిక రాలేదు. ముప్పై ఏళ్ళకి పైగా మోసిన తప్పు తనది కాదని ఒక నర్సు మెట్ల మీద కూచుని చెప్తే ఎవరు మాత్రం నమ్ముతారు. "మరి ఎవరిది?" అంది.

"ఎవరిదీ కాదు. మీ రక్తంలో ఉంది. మీ అమ్మ నుంచి వచ్చుంటుంది. మీరు తెచ్చిపెట్టుకున్నది కాదు."

"నా రగతమేనన్నమాట" అంది ఆవిడ. నేను ఇంకేదో చెప్పబోయాను గానీ, చెయ్యి ఎత్తి ఆపింది. "రాసుకో. ఏటి కావాలో అడుగు."

ఆవిడకి ఒక చెల్లెలుంది, పేరు గంగాలమ్మ. ఆమెకి పుట్టిన మొదటి కొడుకు ఆరో నెల్లో పోయాడు. తర్వాత ఒక్క కూతురు రాణి. నేను రాణి కోసం సున్నా గీస్తూ, "ఈవిడకి పిల్లలా?" అన్నాను.

"ఇంకా లేరు. పురిటికి పుట్టింటికొచ్చింది. ఎనిమిదో నెల."

పెన్ను పక్కన పెట్టేశాను. ఆవిడకి ఒకటికి రెండుసార్లు చెప్పాను. పుట్టింది మగపిల్లాడైతే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. ఫలితం వచ్చేదాకా పుట్టిన రోజు వేసే టీకా వెయ్యకూడదు, పోలియో చుక్కలు వెయ్యకూడదు, బయటివాళ్ళెవరూ ముట్టుకోకూడదు. రామలక్ష్మమ్మ వెంటనే చెల్లెలికి ఫోన్ చేసి, నేను కూడా వినేలా స్పీకరు పెట్టింది. సగం చెప్పేసరికే గంగాలమ్మ గొంతు తగ్గించింది. "అక్కా, రాణి అత్తోరు ఇక్కడే ఉన్నారు, ఇంటారు. మా ఇంట్లో అలాటివేటీ లేవు." ఫోన్ కట్ అయిపోయింది. మళ్ళీ చేస్తే తియ్యలేదు.

రామలక్ష్మమ్మ ఫోన్ వైపు చూసింది. "నాను నేర్పిన మాటే" అంది. డాక్టరుగారి చేత ఒక ఉత్తరం రాయించి, కింద నా నంబరు వేసి ఇచ్చాను. ఆవిడ దాన్ని మడిచి రవికలో పెట్టుకుంది.

బాబుకి తొమ్మిదో రోజున జ్వరం దిగింది. మచ్చ తగ్గడానికి ఇంకో వారం పట్టింది. ముగ్గురు మేనమామల సంగతి తెలియడం వల్ల ఏ జన్యువుని వెతకాలో ముందే తెలిసిపోయింది, అనుమానించిన చోటే లోపం దొరికింది. తండ్రి మూలకణాలు సగం సరిపోతాయని, అవి చాలని చెన్నైవాళ్ళు ఒప్పుకున్నారు. అంబులెన్సు బయల్దేరే రోజు సత్యశ్రీ మాస్కుతో మెట్ల దగ్గరికి వచ్చింది. తల్లికి నాలుగు మెట్లు పైన ఆగిపోయింది.

"ఆళ్ళ పేర్లేటి?"

రామలక్ష్మమ్మ క్యారేజీ కింద పెట్టింది. "పెద్దోడు శ్రీరామ్మూర్తి. రెండోడు పోలిరాజు. మూడోడికి పేరెట్టలేదు. భయమేసింది. బంగారీ అని పిలిసీవోళ్ళం."

సత్యశ్రీ ఆ పేర్లు పైకి అనలేదు. దిగొచ్చి క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నెల పైన రోజులు నేను ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడ్డాను. ఒక శనివారం ఉదయం సుమంత్ ఫోన్ చేశాడు. కణాలెక్కించిన పదిహేడో రోజది. "కౌంట్ లేసింది మేడమ్" అన్నాడు. "నా కణాలే ఈడిలో ఊరుతన్నాయంట." ఇంకా నెలల తరబడి ముప్పు ఉంటుందని డాక్టర్లు అతనికి చెప్పారు, నాకూ తెలుసు. అయినా ఆరోజు కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను, లిఫ్టు దగ్గర మనిషికి రెండుసార్లు చెప్పాను. తర్వాత రామలక్ష్మమ్మకి చేస్తే ఫోన్ ఎత్తలేదు.

సోమవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. చీపురుపల్లి వైపు ఒక సర్కారు ఆసుపత్రి నుంచి కాన్పుల వార్డు సిస్టర్. ఆమె వెనక గోలగోలగా ఉంది.

"మేడమ్, ఇక్కడొక ముసలామె కాగితం పట్టుకుని గుమ్మానికి అడ్డంగా కూచుంది. నిన్న సాయంత్రం నుంచీ ఇదే గొడవ. పిల్లాడికి టీకా వెయ్యనివ్వదు. చుట్టాల్ని చూడనివ్వదు. వచ్చినోళ్ళందర్నీ తరిమేస్తోంది. కాగితం కింద మీ నంబరుంది."

ఆమె మాటల వెనక నుంచి రామలక్ష్మమ్మ గొంతు వినపడింది. ఆవిడ అరుస్తోంది, ఏడవడం లేదు. వార్డు మొత్తానికి వినపడేలా చెప్తోంది. "నా కొడుకులమ్మా, నా కొడుకులు. ముగ్గురు. శ్రీరామ్మూర్తి, పోలిరాజు, బంగారి. నా రగతం వల్లే పోయేరు. మా సెల్లి కొడుకు కూడా పోయేడు. ఈడిని ముట్టుకోకండి." ఇంకో ఆడగొంతు మధ్యలో పడి బతిమాలుతోంది, "అక్కా, నీ కాళ్ళట్టుకుంటాను, నోరు ముయ్యి, వియ్యాలోరు ఇంటన్నారు" అని. రామలక్ష్మమ్మ మళ్ళీ మొదటి పేరు నుంచి మొదలుపెట్టింది.

"పుట్టింది మగపిల్లాడేనా?" అన్నాను.

"మగపిల్లాడే మేడమ్. రెండు కేజీల తొమ్మిది వందలు. శుభ్రంగా ఉన్నాడు, పాలు బాగా తాగుతున్నాడు." సిస్టర్ గొంతు తగ్గించింది. "ఆమె చెల్లెలేమో ఈవిడకి మతి చెడిందనీ, ఆళ్ళ ఇంట్లో పిల్లలెవరూ పోలేదనీ అంటోంది. ఎవర్ని నమ్మాలో మాకు తెలీట్లేదు. ఈ ముసలామె చెప్పేది నిజమేనా మేడమ్?"

"నిజమే" అన్నాను. "ఆవిడ చెప్పినట్టు చెయ్యండి."